గిటార్‌లో సైప్రస్, బురదలో సైప్రస్, పెయింటింగ్‌లో సైప్రస్: ఇవన్నీ ఒకటే చెట్టా?

తీగలవాడు:

ముందే చెప్పేస్తున్నా, నాకు చెట్ల గురించి పెద్దగా తెలీదు. గిటార్ వాయిస్తాను, అంతే. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫ్లమెంకో (స్పెయిన్ వాళ్ల పాటా, నాట్యమూ కలిసిన సంగీతం) గిటార్ కొందామని చూస్తుంటే వెనక పలక, పక్క చెక్కలు సైప్రస్ అని రాసి ఉంది. అదేం చెట్టో తెలుసుకుందామని వెతికితే తల తిరిగిపోయింది. తెలుగులో సైప్రస్ అని కొడితే ముందు మధ్యధరా సముద్రంలో ఉన్న దేశం వస్తుంది, దాని జెండా, రాజధాని, వీసా వివరాలు. అది దాటుకుని చెట్టు దాకా వచ్చాక అసలు గోల మొదలైంది. ఒక ఫొటోలో కొవ్వొత్తిలా నిటారుగా ముదురాకుపచ్చ చెట్లు. ఇంకో ఫొటోలో నడుం లోతు నీళ్లలో నిలబడ్డ చెట్లు, మొదలు ఏనుగు కాలంత, ఆకులేమో ఎర్రబడి రాలిపోతున్నాయి. మూడో చోట సముద్రం ఒడ్డున రాయి మీద గాలికి ఒరిగిపోయిన ఒంటరి చెట్టు. వాన్ గో బొమ్మల్లో మంటలా మెలికలు తిరుగుతూ పైకి లేచేది కూడా సైప్రస్సేనట. అన్నిటికీ ఒకే పేరు.

ఇవన్నీ ఒకటేనా? నా గిటార్‌లో ఉన్నది ఏది? ఇంకో సిల్లీ డౌటు, ఇది మన సరుగుడుకి చుట్టమా? చూడ్డానికి అలాగే అనిపించింది, పైగా సరుగుడునే సర్వి అని కూడా అంటారు కదా.

పొలుసాకు:

ఈ పేరు దగ్గర చెట్లు బాగా తెలిసినవాళ్లు కూడా తడబడతారు, కాబట్టి మొహమాటపడకండి. ముందు సరుగుడు సంగతి తేల్చేద్దాం, అది తేలిక. అస్సలు చుట్టం కాదు. సరుగుడు పూలు పూసే మొక్కల వర్గంలోది. దానికి సూదుల్లా కనబడేవి ఆకులు కావు, సన్నటి కొమ్మలు. ఒకటి తుంచి కణుపు దగ్గర విడదీసి చూస్తే చుట్టూ చిన్న పళ్లలా ఉంటాయి, ఆకులంటే అవే. సైప్రస్ కోనిఫర్, అంటే పువ్వూ పండూ లేకుండా కోన్‌లలో గింజలు పెట్టే రకం. ఇక సర్వి మాట గురించి, పర్షియన్‌లో సైప్రస్‌ని సర్వ్ అంటారు, ఆ పోలిక మీకే వినబడుతోంది కదా.

ఇప్పుడు అసలు విషయం. సైప్రస్ పేరుతో ఒక పెద్ద కుటుంబం ఉంది, లాటిన్‌లో కుప్రెసేసీ. అందులో సుమారు 30 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపుని ప్రజాతి అంటారు), 130కి పైగా జాతులు. జూనిపర్లు, తూజాలు, ఆఖరికి కాలిఫోర్నియాలో ఆకాశాన్నంటే రెడ్‌వుడ్‌లు కూడా ఈ ఇంటివే. ఒకప్పుడు రెడ్‌వుడ్‌లనీ, మీరు చూసిన నీళ్లలో చెట్లనీ టాక్సోడియేసీ అని వేరే కుటుంబంగా లెక్కేసేవాళ్లు, తర్వాత రెండు ఇళ్లూ కలిపేశారు, జపాన్‌లోని అంబ్రెల్లా పైన్ ఒక్కదాన్ని మాత్రం బయట పెట్టి దానికి విడిగా ఒక కుటుంబం ఇచ్చారు. ఈ పెద్ద కుటుంబంలో కుప్రెసస్ అనే ప్రజాతి ఒకటి. శాస్త్రజ్ఞులు ముచ్చటగా అసలు సైప్రస్ అనేది దాన్నే. మీ కొవ్వొత్తి చెట్టు కుప్రెసస్ సెంపర్‌వైరెన్స్, మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు, ఎప్పుడూ పచ్చగా ఉండేది అని అర్థం. వాన్ గో గీసింది కూడా ఇదే, 1889లో దక్షిణ ఫ్రాన్స్‌లోని సాన్ రెమీలో ఉన్నప్పుడు. ఈ చెట్టు ఈజిప్టు స్తంభంలా ఉందని తమ్ముడికి ఉత్తరం కూడా రాశాడు.

ఒక చిన్న ఆశ్చర్యం ఏంటంటే అడవిలో ఈ చెట్టు మామూలుగా కొవ్వొత్తిలా ఉండదు. కొమ్మలు పక్కలకి చాచుకునే రూపమే ఎక్కువ. నిటారు రూపాన్ని మనుషులు ఏరి ఏరి పెంచారు, అందుకే నర్సరీలో అంటు కట్టో కొమ్మ నాటో పెంచుతారు, గింజ వేస్తే ఏ ఆకారం వస్తుందో గ్యారంటీ లేదు.

నీళ్లలో చెట్టు పేరు బాల్డ్ సైప్రస్, అంటే బోడి సైప్రస్, చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడుతుంది కాబట్టి. దాని ప్రజాతి వేరు, టాక్సోడియం. అమెరికా ఆగ్నేయ భాగంలో చిత్తడి నేలలూ నది ఒడ్లూ దాని సొంతూరు, లూసియానా రాష్ట్ర వృక్షం అదే. దాని చుట్టూ నీళ్లలోంచి మోకాళ్లలా పొడుచుకొచ్చే ముడులు చూశారా, వాటిని అక్కడ నిజంగానే మోకాళ్లు అంటారు, వేళ్లకి గాలి అందించడానికని చెబుతారు గానీ అది ఇప్పటికీ గట్టిగా రుజువు కాలేదు. నార్త్ కరొలినాలో బ్లాక్ రివర్ ఒడ్డున ఒక చెట్టుకి వలయాలు లెక్కిస్తే కనీసం 2,624 ఏళ్లు తేలింది, 2019లో బయటపెట్టారు. మెక్సికోలో వహాకా దగ్గర టూలే చెట్టు అని ఒకటుంది, అది కూడా ఈ టాక్సోడియమే, మొదలు అడ్డంగా పది మీటర్లు దాటుతుంది.

ఒడ్డున ఒంటరి చెట్టు మాంటెరీ సైప్రస్. దీని కథ పేర్ల పిచ్చికి మంచి ఉదాహరణ. మొదట్నుంచీ కుప్రెసస్ మాక్రోకార్పా అనేవాళ్లం, 2009లో అమెరికా ఖండాల సైప్రస్‌లన్నిటినీ విడదీసి హెస్పెరోసైపరిస్ అని కొత్త ప్రజాతి కింద పెట్టారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఇంకా పాత పేరే రాస్తారు, మీకు రెండూ కనబడతాయి, కంగారు పడకండి. ఇంతకన్నా ఘోరం ఉత్తర అమెరికా పడమటి తీరంలో పెరిగే నూట్కా సైప్రస్‌ది. 1824లో కుప్రెసస్ అన్నారు, తర్వాత కమీసైపరిస్ అన్నారు, మధ్యలో కాలిట్రాప్సిస్ అన్నారు, 1999లో వియత్నాం కొండల్లో దానికి దగ్గరి బంధువు ఒకటి దొరికేసరికి జాంథోసైపరిస్ అన్నారు. చెట్టు మాత్రం ఉన్నచోటే ఉంది పాపం.

ఎదురుగా చెట్టుంటే గుర్తుపట్టడం ఎలా అంటారా? కుప్రెసస్ ఆకులు సూదుల్లా కాకుండా కొమ్మకి అతుక్కున్న చిన్న పొలుసుల్లా ఉంటాయి, మొలకెత్తిన తొలి రోజుల్లో మాత్రం సూదుల్లా ఉంటాయి. చిరుకొమ్మలు అన్ని వైపులకీ గుబురుగా వస్తాయి, కమీసైపరిస్‌లో అయితే ఇస్త్రీ చేసినట్టు చదునుగా పరుచుకుంటాయి. కోన్ చూస్తే గుండ్రంగా చిన్న ఫుట్‌బాల్‌లా గట్టిగా ఉంటుంది, ముదరడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది.

చెక్కపొడి:

పైన ఆయన వివరంగా చెప్పారు, గిటార్ సంగతి నేను చెప్తా, పాత వాయిద్యాలు రిపేరు చేస్తుంటాను. ఫ్లమెంకోలో సైప్రస్ అంటే సంప్రదాయంగా స్పెయిన్‌లో పెరిగిన సెంపర్‌వైరెన్సే. పంతొమ్మిదో శతాబ్దంలో ఆంటోనియో దె టోరెస్ లాంటి పేరున్న గిటార్ తయారీదారులు కూడా దీంతో చేశారు. అప్పట్లో రోజ్‌వుడ్ ఓడల మీద దిగుమతయ్యే ఖరీదైన సరుకు, సైప్రస్ దగ్గర్లో దొరికే చవక చెక్క. తేలిగ్గా ఉంటుంది, స్వరం చురుగ్గా లేచి త్వరగా తగ్గుతుంది, పాదాల చప్పుడూ చప్పట్లూ మధ్య వినబడాలంటే అదే కావాలి. చెక్క లేత పసుపు కాబట్టి ఆ గిటార్‌ని బ్లాంకా అంటారు, రోజ్‌వుడ్‌తో చేస్తే నెగ్రా.

కానీ ఇప్పుడు సైప్రస్ అని అమ్మేవన్నీ అదే కాదు. మాంటెరీ సైప్రస్‌తో చేసేవి ఉన్నాయి, పైన చెప్పిన నూట్కాతో చేసేవీ ఉన్నాయి, అదే చెక్కని అలాస్కా ఎల్లో సెడార్ అని కూడా అమ్ముతారు. చెడ్డవని కాదు, మంచి గిటార్‌లే వస్తాయి. కాకపోతే ఏదో తెలుసుకుని కొనాలి. చెక్క పనిలో ఉన్నవాళ్లు ముక్కునే ఎక్కువ నమ్ముతారు. కొత్తగా గీరిన అసలు సైప్రస్‌కి కమ్మటి జిగురు వాసన వస్తుంది. నూట్కా చెక్కకి అప్పుడే చెక్కు తీసిన పచ్చి బంగాళదుంప వాసన, నిజంగానే, నవ్వకండి. పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ అని ఇంకోటుంది, కమీసైపరిస్ వర్గం, దానికి అల్లంలా ఘాటు, ఒకప్పుడు బాణాల కర్రలకి అదే పేరున్న చెక్క.

ఈ వాసన వెనకున్న నూనెలూ జిగుర్ల వల్లే పురుగూ పుచ్చూ అంత త్వరగా పట్టవు, అందుకే వేల ఏళ్లుగా పెట్టెలకీ తలుపులకీ వాడారు. ఏథెన్స్‌లో యుద్ధంలో పోయినవాళ్ల ఎముకల్ని సైప్రస్ పెట్టెల్లో మోసుకెళ్లేవారని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడిస్ రాశాడు. జపాన్ వాళ్ల హినోకి కూడా ఈ కుటుంబమే, కమీసైపరిస్ ఒబ్టూసా. హొర్యూజీ ఆలయం ఆ చెక్కే, ఈ రోజుకీ నిలబడి ఉన్న చెక్క కట్టడాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పాతవి అక్కడే ఉన్నాయి. ఇసె మందిరాన్ని ఇరవై ఏళ్లకోసారి కొత్త హినోకితో మళ్లీ కట్టుకుంటారు, పోయినసారి 2013లో కట్టారు.

బాల్డ్ సైప్రస్ గురించి ఒక హెచ్చరిక. పాత అడవి చెట్ల చేవ కుళ్లదని గొప్ప పేరు, వందేళ్ల కిందట నరికి తేల్చుకుపోతుంటే మునిగిపోయిన దుంగల్ని నది అడుగునుంచి ఇప్పటికీ పైకి లాగి కోసి అమ్ముతారు. అయితే ఇప్పుడు నరికే లేత చెట్లలో చేవ తక్కువ, ఆ పేరు చూసి ఈ చెక్క కొంటే మోసపోతాం. నేనొకసారి పడ్డాను, బయట వేసే బల్లకి కొన్నాను, నాలుగు వానాకాలాలకే కాళ్లు మెత్తబడ్డాయి.

తీగలవాడు:

బంగాళదుంప వాసన! ఇది ఎక్కడా చదవలేదు. థాంక్యూ అండీ. ఇంకోటి, ఇదే గిటార్‌కి ముందు పలక సెడార్ అని ఉంది. సెడార్ అంటే దేవదారు కదా? అది సైప్రస్ కాదా మరి?

పొలుసాకు:

ఇక్కడే అందరూ బోల్తా పడేది. దేవదారు నిజమైన సెడార్, సెడ్రస్ ప్రజాతి, పైన్ కుటుంబంలోది. గిటార్ ముందు పలకకి వాడే సెడార్ మాత్రం వెస్టర్న్ రెడ్ సెడార్, దాని అసలు పేరు తూజా ప్లికాటా, అంటే సైప్రస్ కుటుంబమే. పెన్సిళ్లకి వాడే సెడార్ జూనిపర్, అదీ ఈ కుటుంబమే. కాబట్టి మీ గిటార్ వెనకా ముందూ ఒకే ఇంటి చెక్క, పేర్లు మాత్రం రెండు. ఈ రెడ్ సెడార్‌ని కూడా తెలుగులో దేవదారు అని అనువాదం చేసేస్తుంటారు, చదివినప్పుడల్లా నాకు పళ్లు నూరాలనిపిస్తుంది.

పటాలపిచ్చి:

ఎవరూ సొంతూళ్ల గురించి సరిగా చెప్పలేదు, నాకు అదే ఇష్టమైన భాగం. సెంపర్‌వైరెన్స్ అనగానే అందరికీ ఇటలీ, టస్కనీ కొండలు గుర్తొస్తాయి, అసలు దాని సహజ స్థానం ఇంకా తూర్పున. క్రీట్, రోడ్స్, టర్కీ దక్షిణ తీరం, సిరియా, లెబనాన్, అక్కణ్నుంచి ఉత్తర ఇరాన్ దాకా, ఇటు లిబియా ఈశాన్యంలో కొంచెం. ఇటలీలోవి ప్రాచీన కాలంలో మనుషులు నాటుకుంటూ వచ్చినవి. మీకు వెతుకులాటలో వచ్చిన సైప్రస్ దేశంలో కూడా ఈ చెట్టు దానంతటదే పెరుగుతుంది, కాబట్టి అది పూర్తిగా తప్పు రిజల్ట్ కాదు లెండి! పేర్లు మాత్రం గ్రీకులో వేరు వేరు, చెట్టు కిపారిసోస్, దీవి కిప్రోస్, తెలుగులోకి వచ్చేసరికి ఒక్కటైపోయాయి. ఇరాన్‌లో యజ్ద్ ప్రాంతంలో అబర్‌కూహ్ అనే ఊళ్లో ఒక చెట్టుంది, నాలుగు వేల ఏళ్లు దాటిందని అంచనా. పర్షియన్ కవులు ప్రియురాలి నిలువెత్తు అందాన్ని సర్వ్‌తో పోల్చని చోటు లేదు.

తూర్పుకొస్తే హిమాలయాల్లో కుప్రెసస్ టోరులోసా, సున్నపురాయి వాలులంటే దానికి ప్రాణం, నైనిటాల్ చుట్టూ అడవిగా ఉంటుంది. ఇంకా తూర్పున భూటాన్ వైపు కొమ్మలు వేలాడే రకం ఉంది, భూటాన్ జాతీయ వృక్షం సైప్రస్సే. మాంటెరీ సైప్రస్ సొంతూరు వింటే నమ్మరు, కాలిఫోర్నియాలో కార్మెల్ దగ్గర తీరం వెంట రెండే రెండు చిన్న తోపులు, ఒకటి సైప్రస్ పాయింట్, రెండోది పాయింట్ లోబోస్. అంతే. అక్కణ్నుంచి న్యూజీలాండ్ దాకా పాకిపోయింది, మనుషులు నాటితేనే అనుకోండి. కుప్రెసస్ లుసిటానికా ఇంకా తమాషా, లుసిటానికా అంటే పోర్చుగల్‌ది అని అర్థం, చెట్టేమో మెక్సికో, మధ్య అమెరికాది. పోర్చుగల్‌లో బుసాకోలో నాటిన చెట్లు చూసి 1768లో ఆ పేరు పెట్టేశారు, ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. తూర్పు ఆఫ్రికాలో కలప తోటలంటే చాలావరకు ఇదే.

అన్నిటికన్నా వింత సహారాది. అల్జీరియాలో తాసిలీ నజ్జెర్ పీఠభూమి మీద, ఏడాదికి 30 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట, కుప్రెసస్ డుప్రెజియానా అని ఒక జాతి మిగిలింది. లెక్కేస్తే 233 చెట్లు తేలాయి. సహారా పచ్చగా ఉన్న రోజుల నుంచి మిగిలిపోయినది అది, వేళ్లు ఎక్కడో లోతున నీళ్లు పట్టుకున్నాయి. దీని గింజలో పిండం తల్లి నుంచి రాదు, పూర్తిగా పుప్పొడి నుంచే వస్తుంది. అంటే తండ్రి ఒక్కడే వారసుడిని కంటాడు, తల్లి చెట్టు పని తిండి పెట్టడం వరకే. 2001లో బయటపడింది ఈ సంగతి. దీని పుప్పొడి మామూలు సెంపర్‌వైరెన్స్ కోన్ మీద పడినా పుట్టే మొక్క మళ్లీ డుప్రెజియానానే అవుతుంది, అంటే అద్దె గర్భం అన్నమాట. మొదటిసారి చదివినప్పుడు ఎవరో జోక్ చేశారనుకున్నా.

కంచెమాలి:

చెట్టు అందంగా ఉందని తెచ్చి నాటుకునే వాళ్ల కోసం నా ఏడుపు కూడా ఒకటి వినండి. లేలాండ్ సైప్రస్ అని ఒకటుంది, మాంటెరీకీ నూట్కాకీ పుట్టిన సంకరం. అడవిలో వాటి ఊళ్లు వందల మైళ్ల దూరం, ఎప్పుడూ కలిసే దారి లేదు, 1888లో వేల్స్‌లో ఒకే తోటలో పక్కపక్కన ఉండేసరికి కలిశాయి. ఏడాదికి దాదాపు మీటరు పెరుగుతుంది, కంచెకి బాగుంటుందని అందరూ పెడతారు, రెండు సెలవులకి కత్తిరించడం మర్చిపోతే పక్కింటికి ఎండ తగలదు. బ్రిటన్‌లో ఈ గొడవలు ఎంత ముదిరాయంటే 2003 చట్టంలో ఎత్తైన కంచెల మీద ఒక భాగమే పెట్టారు, రెండు మీటర్లు దాటితే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేయొచ్చు.

నేను చేసిన తప్పేంటంటే పెరిగిపోయిందని లోపలి ఎండు కొమ్మల దాకా కొట్టేశాను. సైప్రస్‌లు ముదిరిన బోడి కొమ్మ నుంచి మళ్లీ చిగురించవు. ఆ బోడి మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. పచ్చదనం ఉన్నంత వరకే కత్తెర వెయ్యాలి. కొమ్మలు ఒక్కొక్కటిగా ఎర్రబడి బెరడు నుంచి జిగురు కారుతుంటే అది క్యాంకర్ తెగులు, సీరిడియం అనే బూజు, 1928లో కాలిఫోర్నియాలో కనబడి తర్వాత యూరప్‌లో లక్షల చెట్లని తినేసింది. మందు కొట్టి లాభం లేదు, పట్టిన కొమ్మ కొట్టేసి కాల్చెయ్యడమే. పుప్పొడి ఎలర్జీ ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండండి, శీతాకాలం చివర్లో తుమ్మి తుమ్మి చస్తారు.

ఇంకోటి, ఈ చెట్లు అగ్గి పెట్టెలే. ఇంటి పక్కన అస్సలు వద్దు.

పొలుసాకు:

ఆ చివరి మాట దగ్గర ఆగండి. 2012లో స్పెయిన్‌లో వాలెన్సియా ప్రాంతంలో పెద్ద కార్చిచ్చు వచ్చినప్పుడు హెరికా దగ్గర పరిశోధన కోసం పెంచిన సైప్రస్ తోట చుట్టూ అంతా మాడిపోయినా చాలావరకు పచ్చగానే మిగిలింది. ఆకుల్లో తడి ఎక్కువ నిలవడం, కింద రాలిన ఆకు ఒత్తుగా అణిగి గాలి ఆడకపోవడం కారణాలని తేల్చారు.

కంచెమాలి:

అది పక్కలకి చాచుకునే రకం, తోటలో నాటినది. నేను చెప్పేది కత్తిరించి కత్తిరించి లోపలంతా ఎండు పుల్లలు నిండిన కంచె గురించి. దానికి నిప్పంటుకుంటే చూశారా ఎప్పుడైనా? నేను చూశాను, రెండు నిమిషాలు పట్టలేదు.

పొలుసాకు:

కంచె విషయంలో ఒప్పుకుంటాను. జాతి మొత్తానికి అంటగట్టకండి అంతే.

తీగలవాడు:

అప్‌డేట్. అమ్మే ఆయన్ని అడిగాను, ఏ సైప్రస్ అండీ అని. "సైప్రస్ అంటే సైప్రస్సే, అందులో మళ్లీ ఏదేంటి" అన్నాడు. నేను ఇక్కడ చదివిందంతా చెప్పబోతే ఫోన్ పెట్టేశాడు. మర్నాడు వెళ్లి చూశాను. చెక్క లేత పసుపు, బాగానే ఉంది, గిటార్ రంధ్రంలో ముక్కు పెట్టి వాసన చూస్తుంటే ఆయన నన్ను చూసిన చూపు జన్మలో మర్చిపోను. బంగాళదుంప వాసన మాత్రం రాలేదు.

చెక్కపొడి:

పాత గిటార్‌లో ఏ వాసనా రాదు లెండి, ఆవిరైపోయి ఉంటుంది, పైగా పాలిష్. లోపల వెనక పలక మీద పాలిష్ లేని చోట గోటితో కొంచెం గీరి చూడండి. ఆయన చూడనప్పుడు.